డీఓ విద్యార్థికి కామ్‌లెక్స్ ఒక్కటే చాలా, యూఎస్‌ఎంఎల్‌ఈ కూడా రాయాలా?

మీరు అడిగినవి రెండు. టెక్సస్‌లో డీఓ (అమెరికాలో ఎండీతో సమానమైన ఆస్టియోపతిక్ వైద్య పట్టా) రెండో ఏడు చదువుతున్న మీ అమ్మాయి ఈ వేసవిలో డీఓల లైసెన్సు పరీక్ష కామ్‌లెక్స్ లెవెల్ 1తో పాటు, ఎండీలు రాసే లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ స్టెప్ 1 కూడా రాయాలా అన్నది మొదటిది. గుంటూరులో ఎంబీబీఎస్ ముగించబోతున్న మీ మేనల్లుడు యూఎస్‌ఎంఎల్‌ఈ బదులు కామ్‌లెక్స్ రాసి అమెరికా రావచ్చా అన్నది రెండోది. రెండోదాని జవాబు పొట్టిది, ముందు అది చెప్పేస్తాను.

రాలేడు. కామ్‌లెక్స్ రాసే అర్హత అమెరికాలో గుర్తింపు ఉన్న ఆస్టియోపతిక్ వైద్య కళాశాలల్లో చదివినవాళ్లకే. మన ఎంబీబీఎస్ వాళ్లకే కాదు, అమెరికాలోనే ఎండీ చదివేవాళ్లకు కూడా అందులో చోటు లేదు. మీ మేనల్లుడి దారి ఈసీఎఫ్‌ఎంజీ (విదేశాల్లో చదివిన డాక్టర్లను ధ్రువీకరించే సంస్థ) సర్టిఫికేషన్: యూఎస్‌ఎంఎల్‌ఈలో స్టెప్ 1, స్టెప్ 2 సీకే (క్లినికల్ విషయాల రాత పరీక్ష), ఓఈటీ మెడిసిన్ అనే ఇంగ్లీషు పరీక్ష, వాళ్లు చెప్పిన పాత్‌వేల్లో తనకు వర్తించేది. ఆ తర్వాత మ్యాచ్, అంటే రెసిడెన్సీ (పీజీ శిక్షణ) సీట్ల కేటాయింపు. లేదు, డీఓనే కావాలంటే ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి, డీఓ కళాశాలల ఉమ్మడి దరఖాస్తు అయిన ఆకోమాస్ ద్వారా దరఖాస్తు పెట్టి, నాలుగేళ్లూ మొదటి నుంచి చదవాలి. ఎంబీబీఎస్ చదివాడు కదా అని నేరుగా మూడో ఏట కూర్చోబెట్టరు. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో దొరికే ఆస్టియోపతీ పట్టా సంగతి వేరు. అక్కడ అది చేతులతో చేసే చికిత్సకు సంబంధించిన ప్రత్యేక వృత్తి, మందులు రాసి ఆపరేషన్లు చేసే డాక్టరీ కాదు. ఆ చదువుతో కామ్‌లెక్స్ రాయించి లైసెన్సు ఇప్పిస్తామని ఏ కన్సల్టెన్సీ వాళ్లయినా చెబితే డబ్బు కట్టకండి.

ఇక మీ అమ్మాయి సంగతి. ఇక్కడ ఇంట్లోవాళ్లంతా రెండు విషయాలను కలిపేసుకుంటారు. లైసెన్సు ఒకటి, రెసిడెన్సీ సీటు ఒకటి. డీఓకి లైసెన్సు ఇచ్చేది కామ్‌లెక్స్. డిగ్రీ చేతికి రావాలన్నా లెవెల్ 1, లెవెల్ 2-సీఈ (క్లినికల్ విషయాల రాత పరీక్ష) పాసవ్వాల్సిందే, అది కళాశాలల గుర్తింపు నిబంధనల్లోనే ఉంది. యూఎస్‌ఎంఎల్‌ఈ ఆమెకు లైసెన్సు కోసం అక్కర్లేదు. కొన్ని రెసిడెన్సీ ప్రోగ్రాములు అభ్యర్థులను పోల్చుకోవడానికి అడుగుతాయి, దాని ఉపయోగం అంతవరకే. కాబట్టి అసలు ప్రశ్న ‘రెండూ రాస్తే మంచిదా’ అన్నది కాదు. ‘తను వెళ్లాలనుకుంటున్న స్పెషాలిటీ, ఆ ప్రోగ్రాములు దాన్ని అడుగుతాయా’ అన్నదే ప్రశ్న.

పరీక్ష తీరు కొంచెం చెబుతాను. కామ్‌లెక్స్ నడిపేది 1934లో పుట్టిన ఎన్‌బీఓఎంఈ అనే డీఓల పరీక్షా బోర్డు. ఇప్పుడు ఇందులో మూడు మెట్లు: లెవెల్ 1, లెవెల్ 2-సీఈ, లెవెల్ 3. ఒకప్పుడు లెవెల్ 2-పీఈ అని నటులను రోగులుగా కూర్చోబెట్టి చేసే ప్రత్యక్ష పరీక్ష ఉండేది. కోవిడ్‌తో ఆగి, 2022లో పూర్తిగా రద్దయింది. దాని స్థానంలో విద్యార్థికి రోగిని పరీక్షించే నైపుణ్యం ఉందని కాలేజీ డీన్ ధ్రువీకరించాలి. పాత సీనియర్లు ‘ఫిలడెల్ఫియా వైపో షికాగోకో వెళ్లి రాయాలి’ అంటే అది చెల్లిపోయిన మాట. లెవెల్ 1కి 2022 మే నుంచి మార్కులు లేవు, పాస్ లేదా ఫెయిల్ అని మాత్రమే చెబుతారు. స్టెప్ 1 కూడా అదే ఏడాది జనవరిలో అలాగే మారింది. లెవెల్ 2-సీఈకి మాత్రం ఇంకా మూడంకెల మార్కు ఉంది, పాసవ్వడానికి 400 కావాలి. లెవెల్ 3కి 350 చాలు.

స్టెప్ 1 పాస్-ఫెయిల్ అయ్యాక లెక్క మారిపోయింది. అంతకుముందు స్టెప్ 1లో మంచి మార్కు తెచ్చుకుంటే డీఓ విద్యార్థికి అది ఆయుధం. ఇప్పుడు ఎంత బాగా రాసినా వచ్చేది ఒక్క ‘పాస్’. తప్పితే మాత్రం ఆ ‘ఫెయిల్’ యూఎస్‌ఎంఎల్‌ఈ ట్రాన్‌స్క్రిప్టులో ఎప్పటికీ ఉంటుంది. లాభం కొంచెం, నష్టం పెద్దది. అందుకే ప్రైమరీ కేర్ వైపు వెళ్లేవాళ్లకు స్టెప్ 1 రాయమని నేను చెప్పను. ఫ్యామిలీ మెడిసిన్, పీడియాట్రిక్స్, సైకియాట్రీ, పీఎం అండ్ ఆర్ (పునరావాస వైద్యం), కమ్యూనిటీ ఆసుపత్రుల ఇంటర్నల్ మెడిసిన్ లాంటివాటిలో చాలా ప్రోగ్రాములు కామ్‌లెక్స్ ఒక్కదాన్నే సంతోషంగా చూస్తాయి.

ఆర్థోపెడిక్స్, డెర్మటాలజీ, న్యూరోసర్జరీ, ఈఎన్‌టీ, ప్లాస్టిక్స్, పెద్ద విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లోని చాలా సీట్ల సంగతి వేరు. అక్కడ ప్రోగ్రామ్ డైరెక్టర్ ముందు వందల దరఖాస్తులుంటాయి, అందరినీ ఒకే కొలబద్ద మీద పెట్టి చూడాలనుకుంటాడు. ఆ కొలబద్ద ఈ రోజుల్లో స్టెప్ 2 సీకే మార్కు. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: స్టెప్ 1 రాయకుండా స్టెప్ 2 సీకే రాయొచ్చు, యూఎస్‌ఎంఎల్‌ఈ నిబంధనలు ఈ రెండింటినీ ఏ వరుసలోనైనా రాయనిస్తాయి. స్టెప్ 3కి మాత్రం రెండూ పాసై ఉండాలి, కానీ డీఓకి స్టెప్ 3తో పని లేదు, లెవెల్ 3 ఉంది. కాబట్టి మీ అమ్మాయి ఇంకా స్పెషాలిటీ తేల్చుకోకపోతే ఈ వేసవిలో లెవెల్ 1 మాత్రమే రాసి, మూడో ఏడు రొటేషన్లు (ఆసుపత్రి విభాగాల్లో వంతులవారీ శిక్షణ) చూసి, అవసరమనిపిస్తే లెవెల్ 2తో పాటు సీకే రాయడం తెలివైన పని. కొన్ని ప్రోగ్రాములు స్టెప్ 1 కూడా కావాలంటాయి. అందుకే గాలి మాటలు వినకుండా, ఏఎంఏ (అమెరికన్ మెడికల్ అసోసియేషన్) వాళ్ల ఫ్రీడా అనే రెసిడెన్సీ ప్రోగ్రాముల డేటాబేస్‌లో ఆ స్పెషాలిటీలో తనకు నచ్చిన ఓ ఇరవై ప్రోగ్రాములు తెరిచి, ఏ పరీక్ష అడుగుతున్నారో ఒక కాగితం మీద రాసుకోమనండి. ఒక సాయంత్రం పని. అందులో సగానికి పైగా స్టెప్ 1 అడిగితే రాయాలి, ఒకటో రెండో అడిగితే వదిలేయొచ్చు.

కామ్‌లెక్స్ మార్కును స్టెప్ మార్కుగా మార్చే సూత్రాలు ఇంటర్నెట్‌లో తిరుగుతుంటాయి. వాటిని పట్టించుకోవద్దు. రెండు పరీక్షలు రాసే జనం వేరు, ప్రశ్నల కూర్పు వేరు. పోల్చాల్సివస్తే పర్సంటైల్ చూడాలి.

రెండూ రాయాలని తేల్చుకుంటే వరుస ముఖ్యం. యూఎస్‌ఎంఎల్‌ఈ ముందు, ఆ తర్వాత అయిదు నుంచి పది రోజుల్లో కామ్‌లెక్స్. ఎందుకంటే సైన్సు భాగం రెండింటికీ దాదాపు ఒకటే. మధ్యలో దొరికిన ఆ వారాన్ని పూర్తిగా ఓఎమ్‌ఎమ్‌కి (చేతులతో చేసే ఆస్టియోపతిక్ చికిత్స, డీఓలకే ఉండే పాఠం), వైద్య నీతికి, కామ్‌లెక్స్ తరహా ప్రశ్నలకు ఇవ్వొచ్చు. తిరగేసి రాస్తే ఓఎమ్‌ఎమ్ మీద పెట్టిన వారం స్టెప్ 1కి పనికిరాదు, పైగా అలసట తోడవుతుంది. మూడు నాలుగు వారాల ఎడం పెట్టడం ఇంకా తప్పు. రెండో పరీక్ష నాటికి మొదటిదానికి చదివింది జారిపోతుంది.

ఇప్పుడు ఓఎమ్‌ఎమ్. ఎన్నాళ్లుగానో లెవెల్ 1 అంటే 352 ప్రశ్నలు, ఒక్కో విభాగంలో 44 చొప్పున ఎనిమిది విభాగాలు. అందులో సుమారు పదో వంతు నేరుగా ఆస్టియోపతీ. మిగతా ప్రశ్నల్లో కూడా అది దొంగచాటుగా దూరుతుంది: గుండెపోటు రోగి వివరాలు చెబుతూనే వెన్నులో ఏ మట్టంలో కణజాలం బిగుసుకుని ఉంటుందని అడుగుతారు. స్టెప్ కోసం చదివే పిల్లలు దీన్ని ‘చివర్లో చూసుకుందాం’ అని వదిలేస్తారు. పాస్ గీత దగ్గర ఊగిసలాడేవాళ్లను ముంచేదీ తేల్చేదీ ఈ పదో వంతే, ఎందుకంటే ఇది కొలత ఉన్న సిలబస్, రెండు వారాల్లో గట్టి పట్టు చిక్కుతుంది. బయోకెమిస్ట్రీకి ఆ భాగ్యం లేదు.

అందులో కంఠతా పట్టాల్సినవి కొన్ని, అర్థం చేసుకోవాల్సినవి కొన్ని. కంఠతా పట్టాల్సినవి అవయవాల సింపథెటిక్ మట్టాలు, అంటే ఒక్కో అవయవానికి ఆ నరాలు వెన్నులో ఎక్కడి నుంచి వస్తాయన్నది (టీ అంటే ఛాతీ పూసలు, ఎల్ నడుము, ఎస్ దాని కింది సేక్రమ్, సీ మెడ): గుండె టీ1 నుంచి టీ5, ఊపిరితిత్తులు టీ2 నుంచి టీ7, కడుపు, కాలేయం లాంటి జీర్ణవ్యవస్థ పై భాగం టీ5 నుంచి టీ9. తర్వాత చిన్నపేగు, కుడివైపు పెద్దపేగు టీ10–టీ11 దగ్గర, ఎడమవైపు పెద్దపేగు టీ12 నుంచి ఎల్2. పారాసింపథెటిక్‌కి అడ్డపేగు మధ్య వరకూ వేగస్, అక్కడి నుంచి కిందికి ఎస్2 నుంచి ఎస్4. చాప్‌మన్ బిందువుల్లో (లోపలి అవయవంలో ఇబ్బందిని సూచిస్తాయని ఆస్టియోపతీ చెప్పే చిన్న గడ్డల్లాంటి చోట్లు) పరీక్ష తరచూ అడిగేవి పదిలోపే. అపెండిక్స్‌ది కుడి పన్నెండో పక్కటెముక చివర. మూత్రపిండానిది బొడ్డుకు ఒక అంగుళం పైన, ఒక అంగుళం పక్కన. అడ్రినల్‌ది రెండు అంగుళాలు పైన, ఒక అంగుళం పక్కన. ఈ చివరి రెండింటినీ పక్కపక్కనే ఆప్షన్లుగా పెట్టడం వాళ్లకు సరదా.

అర్థం చేసుకోవాల్సింది ఫ్రయెట్ సూత్రాలు, అంటే వెన్నుపూసల వంపుకూ తిప్పుకూ ఉన్న సంబంధం. ఛాతీ, నడుము భాగాల్లో నిటారు స్థితిలో గుంపుగా చిక్కుకున్న పూసలు ఒకవైపు వంగితే ఎదురువైపు తిరుగుతాయి. ముందుకో వెనక్కో వంగినప్పుడు చిక్కుకున్న ఒక్క పూస మాత్రం వంగిన వైపే తిరుగుతుంది. మెడకు ఈ లెక్క పనికిరాదు: తలకు, మొదటి పూసకు మధ్య కీలులో వంపు, తిప్పు ఎప్పుడూ ఎదురెదురు, మొదటి రెండు పూసల మధ్య ప్రధానంగా తిప్పు మాత్రమే, సీ2 నుంచి కిందికి రెండూ ఒకేవైపు. ప్రశ్నలో ‘కుడి ట్రాన్స్‌వర్స్ ప్రాసెస్ (పూస పక్కకు పొడుచుకొచ్చే భాగం) వెనక్కి ఉంది, రోగి ముందుకు వంగితే సరి అవుతోంది’ అని ఉంటే ఆ పూస ఫ్లెక్స్ అయి (ముందుకు వంగి), కుడికి తిరిగి, కుడికి వంగి ఉందని అర్థం. సుఖంగా ఉన్న వైపును బట్టే పేరు పెడతారు. ఇంతవరకు అందరూ చేస్తారు. తప్పు జరిగేది తర్వాతి అడుగులో, చికిత్సకు ఏ స్థితిలో పెట్టాలి అన్నప్పుడు. మజిల్ ఎనర్జీ (రోగి కండరబలాన్నే వాడే పద్ధతి), హెచ్‌వీఎల్‌ఏ (వేగంగా చిన్న తోపు ఇచ్చే పద్ధతి) అడ్డంకి వైపు వెళతాయి కాబట్టి మూడు దిక్కులూ తిప్పేయాలి: ఎక్స్‌టెండ్ చేసి (వెనక్కి వంచి), ఎడమకు తిప్పి, ఎడమకు వంచాలి. కౌంటర్‌స్ట్రెయిన్ (నొప్పి తగ్గే స్థితిలో పట్టి ఉంచే పద్ధతి) సుఖం వైపు వెళుతుంది, అక్కడ 90 సెకన్లు పట్టి ఉంచాలి. ప్రశ్న చదవగానే ‘డైరెక్టా (అడ్డంకి వైపు), ఇన్‌డైరెక్టా (సుఖం వైపు)’ అని ముందు తేల్చుకుంటే సగం ఆప్షన్లు వాటంతట అవే పోతాయి.

సేక్రమ్ అంటే భయపడని విద్యార్థి అరుదు. దానికి ఎల్5 నుంచి మొదలుపెట్టడమే మందు. సేక్రల్ టోర్షన్‌లో, అంటే సేక్రమ్ ఏటవాలు అక్షం మీద మెలిపడినప్పుడు, ఎల్5 (ఆఖరి నడుము పూస) ఎటు తిరిగితే సేక్రమ్ దానికి ఎదురు తిరుగుతుంది. ఎల్5 ఎటు వంగితే ఏటవాలు అక్షం ఆ వైపుది. కూర్చుని వంగే పరీక్ష అక్షానికి ఎదురువైపు పాజిటివ్ వస్తుంది. ఉదాహరణకు ఎల్5 ఎడమకు తిరిగి, ఎడమకు వంగి ఉంటే సేక్రమ్ కుడికి, అక్షం ఎడమది, అంటే రైట్ ఆన్ లెఫ్ట్. తిరిగిన వైపు, అక్షం వేరు వేరు కాబట్టి అది వెనక్కి పోయిన టోర్షన్, స్ప్రింగ్ టెస్ట్ (నడుము కింది భాగాన్ని నొక్కి చూసే పరీక్ష) పాజిటివ్, కూర్చుని వంగే పరీక్ష కుడివైపు పాజిటివ్. ఇలాంటివి ఓ ఇరవై కాగితం మీద గీసి చేస్తే భయం పోతుంది, చూసి చదివితే పోదు.

ఏది చేయకూడదన్నది కూడా అడుగుతారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల మెడకు హెచ్‌వీఎల్‌ఏ వద్దు, పై మెడపూసలను పట్టి ఉంచే లిగమెంట్లు వదులై ఉంటాయి. ఎముక విరిగినచోట, క్యాన్సర్ పాకినచోట, బాగా గుల్లబారిన ఎముక మీద కూడా అంతే. ఈ ఒక్క అంశం మీద మార్కు పోగొట్టుకోవడం నిర్లక్ష్యం తప్ప మరొకటి కాదు.

ప్రణాళికకు ఆరేడు వారాల పూర్తి సమయం చాలు, అంతకుముందు ఏడాదంతా తరగతితో పాటు ప్రశ్నలు చేస్తూ వస్తే. రోజుకు రెండు బ్లాకుల (విభాగాల) ప్రశ్నలు, గడియారం పెట్టుకుని, విషయాలు కలిపి. చేసిన ప్రతి బ్లాకుకూ చేసినంత కంటే ఎక్కువ సేపు తప్పులు చూసుకోవాలి. జవాబు సరైనదైనా కారణం తప్పైతే అది కూడా తప్పే. యూవరల్డ్ అనే ప్రశ్నల బ్యాంకు ఒక్కదాన్నే పట్టుకుని కూర్చుంటే సైన్సు గట్టిపడుతుంది గానీ కామ్‌లెక్స్ ప్రశ్నల తీరు అలవాటు కాదు. కామ్‌లెక్స్ ప్రశ్నలు ఒక్కోసారి పొట్టిగా, కావాల్సిన వివరం ఇవ్వకుండా ‘ఏది ఎక్కువ సంభవం’ అని వదిలేస్తాయి. అందుకే కామ్‌లెక్స్ కోసమే తయారైన ప్రశ్నల బ్యాంకు ఒకటి కనీసం చివరి నాలుగు వారాలు ఉండాలి. ఒక విభాగం సమర్పించాక వెనక్కి రాలేరు, 60 నిమిషాల్లో 44 అంటే ఒక్కోదానికి నిమిషంన్నర కూడా లేదు. తేలనిదాన్ని ఏదో ఒకటి గుర్తుపెట్టి ముందుకు పోవడం కూడా సాధన చేయాల్సిన విద్యే, తప్పు జవాబుకు మార్కు కోత లేదు.

కామ్‌సే అని ఎన్‌బీఓఎంఈ వాళ్ల నమూనా పరీక్ష ఉంది. చాలా కాలేజీలు దానిలో ఇంత మార్కు వస్తే తప్ప అసలు పరీక్షకు వదలవు. ఆ గీత ఎంతో కాలేజీని బట్టి మారుతుంది, మీ అమ్మాయి తన హ్యాండ్‌బుక్‌లో చూసుకోవాలి. పిల్లలు చేసే పొరపాటు, దాన్ని ఆఖరి వారానికి ఉంచుకోవడం. గీత దాటకపోతే తేదీ మార్చుకోవాలి, అప్పటికి దగ్గరి కేంద్రాల్లో సీట్లు ఉండవు, రొటేషన్లు మొదలయ్యే తేదీ దగ్గరపడుతుంది. పరీక్షకు నాలుగైదు వారాల ముందు ఒకటి, రెండు వారాల ముందు ఇంకొకటి రాస్తే సర్దుకునే వ్యవధి ఉంటుంది. గీతకు బాగా దిగువన ఉంటే వాయిదా వేయించండి, మీరు తోయవద్దు. ఒక నెల ఆలస్యాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఫెయిల్‌ను మాత్రం ప్రతి ప్రోగ్రామూ చూస్తుంది. 2022 జూలై నుంచి ఒక్కో లెవెల్‌కు నాలుగే అవకాశాలు.

మన ఇళ్లల్లో ప్రత్యేకంగా జరిగేది పేరు గొడవ. కాలేజీ రికార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, డ్రైవింగ్ లైసెన్సులో ముందుదొకటి వెనకదొకటిగా ఉంటాయి. రిజిస్ట్రేషన్‌లోని పేరు, పరీక్ష రోజు చూపించే ఫోటో గుర్తింపు కార్డులోని పేరు ఒకేలా ఉండాలి. తేడా ఉంటే గుమ్మం దగ్గరే ఆపేస్తారు, ఫీజు పోతుంది. పరీక్షకు రెండు నెలల ముందే సరిచేయించుకోవాలి. వైకల్యం వల్లో డిస్లెక్సియా వల్లో అదనపు సమయం కావాల్సినవాళ్లు ఇంకా ముందుగా, వైద్య పత్రాలతో దరఖాస్తు చేయాలి. కాలేజీ ఇచ్చిన వెసులుబాటు పరీక్షలో దానంతటదే రాదు.

లెవెల్ 2-సీఈ మీద ఇప్పుడు బరువంతా పడింది, రెసిడెన్సీ దరఖాస్తుకు ముందు కామ్‌లెక్స్‌లో మార్కు వచ్చేది అదొక్కటే కాబట్టి. రెసిడెన్సీ దరఖాస్తులు ఈరాస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో సెప్టెంబరులో వెళతాయి, మార్కు రావడానికి కొన్ని వారాలు పడుతుంది. జూన్, జూలైలో రాసేస్తే దరఖాస్తుతో పాటే మార్కు ఉంటుంది. ఆగస్టు చివర్లో రాస్తే లేని మార్కుతో వెళ్లాలి. యూఎస్‌ఎంఎల్‌ఈ ట్రాన్‌స్క్రిప్టు ప్రోగ్రాములకు పంపాలా వద్దా అన్నది డీఓ అభ్యర్థి ఇష్టం. కానీ పంపితే అన్ని ప్రయత్నాలూ పోతాయి, నచ్చినవి ఏరి పంపడం కుదరదు. ఏదైనా ప్రోగ్రాము ‘రాశారా’ అని నేరుగా అడిగితే దాచి చెప్పకూడదు. మార్కు తక్కువైతే ఒక సీటు పోతుందేమో, అబద్ధం బయటపడితే వృత్తే పోతుంది.

లెవెల్ 3 డిగ్రీ వచ్చాక, రెసిడెన్సీ మొదటి ఏట. రెండు రోజుల పరీక్ష, బహుళైచ్ఛిక ప్రశ్నలతో పాటు క్లినికల్ డెసిషన్ మేకింగ్ కేసులు ఉంటాయి. అందులో జవాబు టైపు చేయాలి లేదా పెద్ద పట్టిక నుంచి ఎంచుకోవాలి. ఎన్ని ఎంచుకోమన్నారో అన్నే ఎంచుకోవాలి, ‘ఇది కూడా మంచిదే’ అని అదనంగా నొక్కడం అక్కడ చేటు. కూర్చోవడానికి ప్రోగ్రామ్ డైరెక్టర్ ధ్రువీకరణ కావాలి. ఐసీయూ నెలలోనో రాత్రి డ్యూటీల నెలలోనో తేదీ పెట్టుకోవద్దు, తేలికైన నెల చూసి ముందే బుక్ చేసుకోవాలి.

ఆ తర్వాత రాష్ట్ర లైసెన్సు. కాలిఫోర్నియా, ఫ్లోరిడా, మిషిగన్, పెన్సిల్వేనియా, అరిజోనా, ఓక్లహోమా లాంటిచోట్ల డీఓలకు విడిగా బోర్డు ఉంది. టెక్సస్‌లో ఎండీకీ డీఓకీ ఒకే బోర్డు. వైద్యం చేసే హక్కులో ఎక్కడా తేడా లేదు, యాభై రాష్ట్రాల్లోనూ డీఓ పూర్తి స్థాయి డాక్టరే. ఊళ్లో చుట్టాలు ‘ఎండీ కాదా మరి?’ అంటే ఈ మాట చెప్పండి చాలు. ఇంకొకటి: పలు రాష్ట్రాల్లో ఒకేసారి లైసెన్సు తెచ్చుకునే అంతర్రాష్ట్ర ఒప్పందంలో చేరాలంటే ప్రతి లెవెల్‌నూ మూడు ప్రయత్నాల లోపు పాసై ఉండాలి. ఎన్‌బీఓఎంఈ నాలుగు ఇస్తుంది, ఒప్పందం మూడే ఒప్పుకుంటుంది. టెలీమెడిసిన్ చేయాలనుకునే పిల్లలకు ఈ తేడా రెసిడెన్సీ అయ్యాక గానీ తెలియదు. ఇక కామ్‌లెక్స్ సగం, యూఎస్‌ఎంఎల్‌ఈ సగం రాసి లైసెన్సుకు వెళ్లే ఆలోచన ఉంటే మానుకోమనండి, ఏదో ఒక వరుస మొదటి నుంచి చివరి దాకా పూర్తై ఉండాలి, ఆమెకు అది కామ్‌లెక్సే.